పట్టుపురుగు నేర్పిన మూడవ పాఠము

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము శాస్త్రజ్ఞులము కాము, వర్తకులము. త్రాసు పట్టినవారికి సూక్ష్మదర్శినితో పనియేమి యని తమకు తోచవచ్చును. కాని నేడు మేము చెప్పబోవు సంగతి ప్రయోగశాలలో పుట్టినదైనను, దాని లాభనష్టములు మన తట్టలలోను, మన గూళ్ళ బజారులోను, మన ఇండ్ల ఆరోగ్యములోను తేలునట్టివి. 2024వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులకు లభించినది. వారు కనుగొనిన వస్తువు పేరు మైక్రో ఆర్.ఎన్.ఏ. ఆ వస్తువునకును మన పట్టుపురుగులకు వచ్చు పాలరోగమునకును గల సంబంధమును హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు 2010, 2012 సంవత్సరములలో వెల్లడించిరి. ఈ సంబంధమును మనము తెలిసికొనినచో మన ఇండ్లలో రెండు మూడు అలవాట్లు మారక తప్పదని మా విశ్వాసము. అందుచేతనే ఈ సాహసము.

మన ప్రాంతమును గూర్చి మీకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యగువరకు మనమందరము కోలారు జిల్లా వారమే. మైసూరు దేశమున పట్టు పరిశ్రమకు 18వ శతాబ్దపు చివర టిప్పు సుల్తాను ప్రోత్సాహమిచ్చెను. ఆనాటినుండి నేటివరకు చెరువులు ఎండినను, బావులు ఇంకినను, ఈ మెట్టనేలపై మల్బరీ ఆకు మన సంసారములను నిలబెట్టినది. శిడ్లఘట్ట గూళ్ళ బజారు కర్ణాటకమునందలి పెద్ద బజారులలో నొకటి. చిక్కబళ్ళాపురము, చింతామణి తాలూకాల గూళ్ళతోపాటు బాగేపల్లి వైపు గూళ్ళును తూకమునకు వచ్చును. సరిహద్దు దాటినచో హిందూపురమునందును బజారు కలదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, తట్టలో పురుగు: మనలో అనేకుల జీవితము ఈ మూడింటితో ముడిపడియున్నది.

పురుగు పెంచు ఇంటి కష్టము పెంచినవారికే తెలియును. గ్రుడ్డు పగిలిన నాటినుండి గూడు కట్టువరకు సుమారు 25 దినములు. అంతలో నాలుగు జ్వరములు, అయిదు దశలు. పుట్టిననాటి బరువునకు పురుగు సుమారు పదివేల రెట్లు పెరుగును. మొత్తము తినెడి ఆకులో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా అయిదవ దశలోనే తినును. అనగా ఆకు ఖర్చు, కూలి ఖర్చు, రాత్రి జాగరణ, తెచ్చిన అప్పు, అన్నియు చివరి వారము దినములలో కుప్పపడును. సరిగా ఆ సమయముననే పాలరోగము బయటపడును. పురుగు చర్మము నిగనిగలాడును. గణుపులు ఉబ్బును. పురుగు ఆకు ముట్టక తట్ట అంచున తిరుగుచుండును. ముట్టుకొనగనే చర్మము చిట్లి పాలవంటి ద్రవము కారును. చంద్రికలపైకి ఎక్కవలసిన పురుగులు దిబ్బపాలగును.

అట్టి దినమున ఇంటిలో వినబడు మాటలు మనకు తెలియనివి కావు. ఎవరిదో దృష్టి తగిలినదందురు. మైలవారు ఎవరో గడప దాటినారందురు. క్రొత్తగా వచ్చిన కోడలి పాదము మంచిది కాదందురు. ఆకుల బేరము, గ్రుడ్ల బేరము కుదిర్చినది మగవాడైనను, నింద మాత్రము నోరులేని ఆడుబిడ్డపై పడును. నిజమైన కారణము దిబ్బలోను, గోడ పగుళ్ళలోను, చంద్రికల సందులలోను కూర్చుండి తరువాతి పంటకై ఎదురుచూచుచుండును. ఈ నింద మాన్పుట మా ప్రసంగము యొక్క మొదటి ఉద్దేశము.

పట్టుపురుగు రోగములు మానవ వైద్యమునకు గురువులైన చరిత్ర యొకటి కలదు. ముందు దానిని మనవి చేసెదము.

మొదటి పాఠము ఇటలీ దేశమున జరిగినది. పురుగు చచ్చి గట్టిపడి, సున్నము పూసినట్లు తెల్లనగు సున్నపుకట్టు రోగమును మీరెరుగుదురు. అగోస్తినో బస్సీ అను నతడు అనేక సంవత్సరములు పరిశోధించి, దానికి కారణము కంటికి కానరాని ఒక బూజు అనియు, అది ఒక పురుగునుండి మరియొక పురుగునకు అంటుకొనుననియు 1835లో ప్రకటించెను. ఒక సూక్ష్మజీవి ఒక ప్రాణికి రోగము కలిగించునని ఋజువైన తొలి సందర్భములలో ఇది ముఖ్యమైనది. అంతవరకు గాలి చెడినదనియు, గ్రహము చెడినదనియు ఐరోపావారును అనుకొనుచుండిరి.

రెండవ పాఠము ఫ్రాన్సు దేశమున జరిగినది. అక్కడి దక్షిణ ప్రాంతమున పెబ్రిన్ రోగము వలన పట్టు పరిశ్రమ కూలిపోవుచుండగా, 1865లో లూయీ పాశ్చర్ పండితుని సహాయము కోరిరి. ఆయన అంతకు మునుపు పట్టుపురుగును గూర్చి ఎరుగడు. అయినను ఆలేస్ అను పట్టణమున మకాముచేసి, సుమారు అయిదేండ్లు ఆ పనిలో నిమగ్నుడాయెను. గ్రుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, రోగపు గుర్తులు కనబడినచో ఆ గ్రుడ్లను నాశనము చేయవలెనని విధించెను. నేటికిని మనము కొనెడి రోగరహిత గ్రుడ్ల వెనుక ఉన్నది ఆ పద్ధతియే. పాశ్చర్ తరువాత గొర్రెల దొమ్మరోగమును, పిచ్చికుక్క కాటును పరిశోధించి టీకాలు తయారుచేసెను. 1885లో ఒక బాలునికి పిచ్చికుక్క కాటు టీకా వేసెను. మనుష్యుల రోగములకు పోవు దారిలో ఆయన పట్టుపురుగు తట్టల నడుమ నడచినవాడు.

ఇక మూడవ పాఠము. దీనిని చెప్పుటకు ముందు మైక్రో ఆర్.ఎన్.ఏ. అనగా నేమో తెలుపవలెను. శాస్త్రజ్ఞుల పరిభాష మాకు రాదు. అంగడి పరిభాషలో చెప్పెదము.

సాధారణముగా జీవకణమునందు కేంద్రకము అను గది యుండును. దానిని అంగడిలోని ఇనప్పెట్టె అనుకొందము. అందులో డి.ఎన్.ఏ. అను ఆవర్జా భద్రపరుపబడి యుండును. శరీరమునకు కావలసిన ఏ మాంసకృత్తును ఎట్లు తయారుచేయవలెనో అందు వ్రాసియుండును. ఆవర్జాను ఎవ్వరును బయటికి తీయరు. కావలసిన పద్దునకు నకలు వ్రాసి గది బయట నున్న పనివాండ్రకు పంపుదురు. ఆ నకలునకు మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. యని పేరు. పనివాండ్రు దానిని చూచి మాంసకృత్తును తయారుచేయుదురు.

ఒకే మనిషి శరీరములో కంటి కణమునందును, కాలేయ కణమునందును ఉన్న ఆవర్జా ఒక్కటే. అట్లయినచో ఒకటి కన్నును, ఒకటి కాలేయమును ఎట్లయినవి? ఏ పద్దు ఎప్పుడు అమలు జరుగవలెను, ఎప్పుడు ఆగవలెను అను కట్టుబాటు వలన. ఆ కట్టుబాటును నడుపు సాధనములలో మైక్రో ఆర్.ఎన్.ఏ. ఒకటి. అది "ఈ నకలును అమలు జరుపవలదు" అని చెప్పు చిన్న చీటి వంటిది. నకలులో వందలు, వేలు అక్షరములుండగా, ఈ చీటిలో సుమారు 22 అక్షరములు మాత్రమే యుండును. అది తానుగా ఏ మాంసకృత్తును తయారుచేయదు. తన అక్షరములకు సరిపడు నకలును వెదకి, దానికి అంటుకొని, దాని పనిని ఆపివేయును, లేదా దానిని నాశనము చేయించును. వ్యాపారములో సరకు పంపుమను ఉత్తరువు ఎంత ముఖ్యమో, పంపవలదను ఉత్తరువు అంతకంటె ముఖ్యము. సమయమునకు ఆపలేని అంగడి దివాలా తీయును. శరీరము నట్లే.

ఈ చీటి మొట్టమొదట దొరికినది మన్నులో నివసించు ఒక మిల్లీమీటరు పొడవు గల పురుగులో. సి. ఎలిగాన్స్ అని దాని పేరు. లిన్-4 అను జన్యువు చెడిన పురుగులు ఎదుగుదలలో ముందుకు సాగక, తొలి దశ పనులనే మరల మరల చేయుచుండెను. మన పురుగు రెండవ జ్వరము దాటక అక్కడనే తిరుగుచున్నట్లు ఊహించుకొనుడు. ఆ జన్యువును వెదకి తీయగా, అది మాంసకృత్తునకు సంబంధించినది కాదనియు, ఒక చిట్టి ఆర్.ఎన్.ఏ.ను మాత్రమే తయారుచేయుచున్నదనియు ఆంబ్రోస్ కనుగొనెను. ఆ చిట్టి ఆర్.ఎన్.ఏ. లిన్-14 అను మరియొక జన్యువు నకలును అడ్డుకొనుచున్నదని ఆయన ఫలితమును రవ్‌కన్ ఫలితమును ప్రక్కప్రక్కన పెట్టి చూడగా తేటపడెను. ఇది 1993 నాటి మాట. ఒక చిన్న పురుగులోని వింత యని లోకము అప్పుడు పెద్దగా పట్టించుకొనలేదు. ఏడేండ్ల తరువాత, 2000లో, రవ్‌కన్ బృందమువారు లెట్-7 అను రెండవ చీటిని కనుగొనిరి. ఆ చీటి ఈగలోను, చేపలోను, మనుష్యునిలోను మార్పులేక అదే అక్షరములతో నున్నదని ఆ యేడే తేలెను. అప్పుడు లోకము మేలుకొనెను. నేడు మానవ శరీరములో ఇట్టి చీటీలు వెయ్యికి పైగా తెలిసియున్నవి.

మన పట్టుపురుగులో ఈ లెట్-7 ఏమి చేయుచున్నది? చైనా దేశపు శాస్త్రజ్ఞులు 2014లో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిరి. పురుగులో ఈ చీటిని పనిచేయనీయక అడ్డగించగా, అది ఒక జ్వరమునుండి మరియొక దశకును, పురుగు రూపమునుండి గూటిలోని ప్యూపా రూపమునకును సరిగా దాటలేక నిలిచిపోయెను. మన అవ్వలు జ్వరములు లెక్కపెట్టి ఆకు వేయుట మానుచుండిరి, మరల వేయుచుండిరి. ఆ లెక్కను పురుగు లోపల నడిపించువారిలో ఈ 22 అక్షరముల గుమాస్తా ఒకడు.

ఇప్పుడు పాలరోగమునకు వచ్చెదము. ఈ రోగమునకు కారణము ఒక వైరసు. దానిని పొట్టిగా బి.ఎం.ఎన్.పి.వి. యందురు. ఇది స్ఫటికముల వంటి గట్టి గుళికలలో దాగి, దుమ్ములో సంవత్సరములు నిలిచియుండగలదు. ఆకుతోపాటు పురుగు కడుపులో పడగనే, అక్కడి క్షార రసమునకు గుళిక కరగి, వైరసు బయటపడి, కణములలోనికి చొచ్చుకొనిపోవును. పాలవంటి ద్రవమని మనము చూచునదంతయు లెక్కకు మిక్కిలియైన క్రొత్త గుళికలతో నిండినదే.

హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. అను కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో జవరేగౌడ నాగరాజు గారు పట్టుపురుగు జన్యువులపై పెద్ద బృందమును నడిపిరి. తెలుగు నగరమున పనిచేసిన కన్నడిగులు ఆయన. కన్నడ రాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల బ్రతుకుదెరువునకు ఉపకరించు పని ఆయన చేసిరి. విద్యకు సరిహద్దు లేదనుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు. ఆయన 2012 సంవత్సరాంతమున కాలధర్మము చెందిరి.

ఈ పాలరోగపు వైరసు తానే నాలుగు మైక్రో ఆర్.ఎన్.ఏ.లను తయారుచేయుచున్నదని ఆ బృందమువారు 2010లో ప్రకటించిరి. అనగా, ఇంటిలో జొరబడిన దొంగ తన చేతివ్రాతతో చీటీలు వ్రాయుచున్నాడు. ఎందుకు? ఆ ప్రశ్నకు 2012లో సమాధానము దొరకెను.

పురుగు తన చీటీలను కేంద్రకములోనే వ్రాసికొనును. వాటిని బయటికి మోసికొనిపోవు ఉద్యోగి యొకడు గలడు. అతని పేరు ఎక్స్‌పోర్టిన్-5. అతడు గడప దాటవలెనన్న రాన్ అను సహాయకుడు వెంట నుండవలెను. వైరసు పంపిన మొదటి చీటి పోయి ఈ రాన్ యొక్క నకలును పట్టుకొని ఆపివేయును. సహాయకుడు తగ్గిపోవును. గడప వద్ద పురుగు చీటీలు నిలిచిపోవును. అట్లు నిలిచిపోయిన చీటీలలో మిర్-8 అనునది యొకటి. అది బయటికి వచ్చియుండినచో వైరసు యొక్క తొలి పనిని నడుపు జన్యువును అడ్డగించియుండును. అది రాదు గనుక వైరసునకు ఎదురులేదు.

ఇది ఊహ కాదు, పరీక్షించి చూచినది. వైరసు మొదటి చీటిని శాస్త్రజ్ఞులు అడ్డగించగా రాన్ పెరిగెను, వైరసు వృద్ధి తగ్గెను. పురుగు యొక్క మిర్-8ను అడ్డగించగా వైరసు ఎక్కువాయెను. ఈ రెండు పరీక్షలును కలిపి చూచినప్పుడు పాలరోగము యొక్క రహస్యములో ఒక భాగము బయటపడినది. సోదరులారా, మన తట్టలలో పురుగులను చంపినది పక్కింటివారి దృష్టి కాదు, కోడలి పాదము కాదు. గడప కావలి వానిని పనిచేయనీయని ఒక దొంగచీటి. ఇంటిలో ఎవరి మీదనైనను నింద మోపుటకు ముందు ఈ మాటను జ్ఞాపకము చేసికొనుడని చేతులు జోడించి ప్రార్థించుచున్నాము.

తెలిసినచో మందు దొరకినట్లేనా యని మీరడుగుదురు. సగము దారి వచ్చినదని చెప్పవచ్చును. మైక్రో ఆర్.ఎన్.ఏ.ల వంటివే మరికొన్ని చిన్న ఆర్.ఎన్.ఏ.లు కలవు. వాటిని మనుష్యుడే తయారుచేసి ఏ నకలునైనను ఆపించవచ్చును. ఈ మార్గమును 1998లో కనుగొనిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనువారికి 2006లో నోబెల్ బహుమానము లభించెను. నాగరాజు గారి బృందమువారు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి, వైరసునకు ప్రాణాధారమైన నాలుగు జన్యువులను ఒకేసారి అడ్డగించు చీటీలను స్వయముగా తయారుచేసికొనగల పట్టుపురుగును సృష్టించిరి. ఎక్కువ మోతాదులో వైరసు ఇచ్చినను ఆ పురుగు బాగుగా తట్టుకొనెనని 2013లో ప్రకటించిరి. ఆ గుణమును రోగమునకు సులభముగా లొంగు వ్యాపారపు జాతిలోనికి సంకరము ద్వారా తెచ్చిరి. అయితే జన్యువులు మార్చిన ప్రాణి గనుక అనుమతులు, పరీక్షలు అనేకము గలవు. అట్టి గ్రుడ్లు సామాన్య రైతు చేతికి రాలేదు. ఎవరైన "పాలరోగము రాని జన్యువుల గ్రుడ్లు" అని బజారులో అమ్మజూపినచో నమ్మకుడు.

ఇక మన శరీరముల సంగతి. లెట్-7 అను చీటి పట్టుపురుగు జ్వరములను నడుపునని విన్నారు. అదే చీటి మన ఊపిరితిత్తులలోను కలదు. ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులలో కొందరికి ఈ చీటి తగ్గియుండుననియు, అట్టివారు శస్త్రచికిత్స తరువాత తక్కువ కాలము జీవించిరనియు 2004లో జపాను వైద్యులు తెలిపిరి. కణములు మితిమీరి పెరుగునట్లు చేయు రాస్ అను జన్యువును ఈ చీటి అదుపులో నుంచునని 2005లో అమెరికాలో తేలెను. అంతకు ముందే, 2002లో, ఒక విధమైన రక్త క్యాన్సరు గల రోగులలో అధికసంఖ్యాకులకు రెండు మైక్రో ఆర్.ఎన్.ఏ.లు లేకపోవుటయో, తగ్గియుండుటయో కార్లో క్రోచే బృందమువారు చూపిరి. ఆపవలసినవాడు లేనిచో లెక్క తప్పును. క్యాన్సరు అనునది పెద్దభాగము ఆగవలసినప్పుడు ఆగని లెక్కయే.

ఒక్కొక్కప్పుడు మన చీటినే శత్రువు వాడుకొనును. కాలేయములో మిర్-122 అను చీటి సమృద్ధిగా నుండును. హెపటైటిస్-సి అను కామెర్ల వైరసు తన వృద్ధికి దీనిపై ఆధారపడియున్నదని 2005లో తెలిసెను. ఆ చీటిని కట్టివేయు మందును రోగులకిచ్చి చూడగా వైరసు తగ్గెనని 2013లో ప్రకటించిరి. అయినను ఆ మందు బజారునకు రాలేదు. మరియొక మైక్రో ఆర్.ఎన్.ఏ. మందును కాలేయ క్యాన్సరునకు పరీక్షించుచుండగా, కొందరు రోగులకు తీవ్రమైన ప్రతిక్రియలు కలుగుటచే 2016లో ఆ పరీక్షను నిలిపివేసిరి. ఒక చీటి అనేక నకళ్ళను ఆపగలదు గనుక, ఒక చోట మేలు చేయబోయి మరియొక చోట కీడు చేయవచ్చును. అందుకే వైద్యులు జాగ్రత్తగా నడచుచున్నారు. దీని దాయాదియైన, మనుష్యుడు తయారుచేసిన చిన్న ఆర్.ఎన్.ఏ. మందు మాత్రము ఒకటి, వంశపారంపర్యముగా వచ్చు ఒక నరముల వ్యాధికి, 2018లో అమెరికాలో అనుమతి పొందినది.

రక్తములో తిరుగు మైక్రో ఆర్.ఎన్.ఏ.లను బట్టి క్యాన్సరును ముందుగా పసిగట్టవచ్చునని 2008నుండి పరిశోధన జరుగుచున్నది. ఇది గొప్ప ఆశ. కాని ఆశ వేరు, సరకు వేరు. బయానా పుచ్చుకొనుటకును సరకు అప్పగించుటకును భేదము తెలిసినవారము మనము. "ఒక్క బొట్టు రక్తముతో సర్వరోగములు చెప్పెదము, జన్యువులను సరిచేయు గుళికలు ఇచ్చెదము" అని పట్టణములనుండి వచ్చువారికి మన ఆసామీలు డబ్బు కట్టరాదు. దగ్గు మూడు వారములు తగ్గనిచో, రొమ్ములో గడ్డ కనబడినచో, కారణములేక బరువు తగ్గినచో ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యునికి చూపుకొనుటయే నేటి మార్గము. పొగాకును మానుట అంతకంటె మేలైన మార్గము.

ఇంత విన్న తరువాత మనము చేయవలసినది ఏమి? మూడు సంగతులు మనవి చేసెదము.

మొదటిది శుభ్రత. పాలరోగము సోకిన పురుగును బ్రదికించు మందు రైతు చేతిలో లేదు. సీసాలలో రంగునీళ్ళు అమ్మువారు ఏమి చెప్పినను ఇదియే నిజము. వైరసును పురుగు కడుపులోనికి పోకముందే చంపవలెను. పంటకు ముందును, పంట ఎత్తిన వెంటనేయు ఇల్లు, తట్టలు, చంద్రికలు, వాకిలి కడుగవలెను. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగు పొడియు, 300 గ్రాముల సున్నమును కలిపి చల్లవలెను. పొడి క్రొత్తదై, మూత బిగించి యుంచినదై యుండవలెను. పాతదానిలో సారముండదు. చల్లునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. ప్రతి జ్వరము తరువాత పురుగుపై చల్లవలసిన పొడిని అధికారులు చెప్పిన లెక్క ప్రకారము చల్లవలెను. రోగపు పురుగును చేతితో గాక పుల్లతో తీసి, అదే బ్లీచింగు నీటిలో వేసి, తరువాత దూరముగా పాతిపెట్టవలెను. దిబ్బపై వేయరాదు, కోళ్ళకు వేయరాదు. వేసినచో తరువాతి పంటకు శత్రువును మనమే పోషించినట్లగును.

రెండవది దాపరికము మానుట. మన ఇంట రోగము వచ్చినదని చెప్పుట చిన్నతనమనియు, బజారులో పేరు చెడుననియు తలచి అనేకులు నోరు మెదపరు. రాత్రివేళ పురుగులను వాగులోనో, దారిప్రక్కనో పారవేయుదురు. ఆ దుమ్ము గాలికి లేచి పక్కవారి ఆకుపై పడును. ఒక ఇంటి దాపరికము ఊరంతటికి నష్టము. వర్తకములో పరువు ముఖ్యమే. కాని పరువు అనగా నష్టమును దాచుట కాదు, నలుగురికి నష్టము రానీయకుండుట. కావున రోగము కనబడిన దినముననే ఇరుగుపొరుగు వారికిని, పట్టు పరిశ్రమ శాఖ వారికిని తెలుపుడు. అట్లు తెలిపిన ఇంటికి సాయముగా నిలుచుట మన సంఘము యొక్క ధర్మమని మేము భావించుచున్నాము. వారి అప్పు వాయిదాను ఒక పంటకాలము పొడిగించుట మనవంటి వర్తకుల ధర్మము. ఈ మాటను వర్తక సోదరుల ముందు కావలెననియే చెప్పుచున్నాము.

మూడవది చదువు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు పట్టు పరిశ్రమకై చింతామణిలోనే కళాశాల నెలకొల్పిరి. సరిహద్దునకు ఆవల హిందూపురము దగ్గర కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ కలదు. దూరదేశములనుండి విద్యార్థులు ఈ విద్యకై వచ్చుచుండగా, పురుగుల సవ్వడి వినుచు నిద్రించిన మన బిడ్డలు అందు ఎందరున్నారు? కంప్యూటరు చదువు మంచిదే. ఇంజనీరు చదువు మంచిదే. మన జిల్లాలోని ముద్దేనహళ్ళి బిడ్డయైన విశ్వేశ్వరయ్య గారు ఇంజనీరుగా దేశమునకు వెలుగైరి. వారి ఇంటిపేరు మోక్షగుండము తెలుగుసీమలోని ఊరే. మన గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పేదయింట పుట్టిన హెచ్. నరసింహయ్య గారు భౌతికశాస్త్ర పండితులై, బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులై, ఏ మాటనైనను ప్రశ్నింపకుండ నమ్మరాదను బుద్ధిని ఈ ప్రాంతమున నాటిరి. ఆ వరుసలో జీవశాస్త్రమునకును మన ఇండ్లనుండి ఒకరు ఇద్దరు రావలెను. పురుగును చేతితో ఎత్తి దాని ఒంటి మెత్తదనమును బట్టి రేపు జ్వరమునకు పోవునో లేదో చెప్పగల పిల్లకు ప్రయోగశాలలో కొంత పాఠము ముందే వచ్చియున్నట్లు లెక్క. ఆడుపిల్లలను పంపుడు. తట్టల చాకిరిలో పెద్దభాగము వారిదే. తట్టల విద్యయు వారికి దక్కవలెను.

మన బిడ్డలకు తెలుగు చదువు తగ్గిపోవుచున్నదని ప్రతి సభలోను విచారించుచున్నాము. భాష నిలుచుటకు పాటలు, పద్యములు, కైవారము తాతయ్యగారి కీర్తనలు కావలెను. వాటితోపాటు నేటి జ్ఞానమును ఆ భాషలో చెప్పుకొనుటయు కావలెను. బ్లీచింగు పొడి లెక్కయు, వైరసు నడకయు తెలుగున చెప్పుకొనగలిగినచో, తెలుగు మనకు పండుగనాటి పట్టుబట్టగా మాత్రమే గాక, ప్రతిదినము కట్టు బట్టగా కూడ నిలుచును. అందుకే రానిమాటలను వచ్చినంతలో తెలుగున చెప్పుటకు పూనుకొంటిమి.

బస్సీ నాడు బూజు, పాశ్చర్ నాడు సూక్ష్మదర్శినిలో కనబడు బీజము, నేడు 22 అక్షరముల చీటి. శత్రువు ఎంత చిన్నదని తెలిసినదో, మనుష్యుని అజ్ఞానము అంత తగ్గినది. ఆ తగ్గిన అజ్ఞానము మన ఊళ్ళలోను తగ్గవలెను. ఈ పత్రికను చదువు ప్రతి ఇంటిలోను రాబోవు పంటకు ముందు ఇల్లు కడుగుడు. ఈ ప్రసంగమును ఇంటి ఆడువారికి చదివి వినిపింపుడు. పంట పోయిన దినమున ఎవరిపైనను నింద వేయకుడు.